గల్ఫ్ పెట్టెలో టీవీ గేమ్

గల్ఫ్ నుంచి ఊరికొచ్చే పెట్టెల గురించి ఎవరు రాసినా బంగారం దగ్గరే మొదలుపెడతారు. తర్వాత టూ-ఇన్-వన్, దుబాయ్ చీర, సెంటు సీసా, టైగర్ బామ్, టాంగ్ డబ్బా. ఆ వరుసలో చోటు దక్కని వస్తువు ఒకటుంది. దాని పేరు టీవీ గేమ్. 1990లలో మా రాజంపేట పక్క పల్లెల్లోకి వీడియో గేమ్ ఎక్కువగా కూలికి పోయినవాళ్ళ పెట్టెల్లోనే వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్ళు ఫ్యాక్టరీల్లో, మేస్త్రీ పనుల్లో, ఇళ్ళల్లో పనిచేసే మనుషులు. వాళ్ళలో ఆ ఆట ఆడినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఏం వెతుకుతున్నారో తెలియకుండా, ఎక్కడ దొరుకుతుందో తెలియకుండా వెతికారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి కాబట్టి ఆ వెతుకులాట ఎట్లా సాగిందో రాసి పెడుతున్నాను.

నేనుండేది ఒమన్‌లోని రుసైల్. మస్కట్ నగరానికి దాదాపు 45 కిలోమీటర్లు. నిజ్వా పోయే రోడ్డు చీలే చోటుకు దగ్గర. ఒమన్ దేశపు మొట్టమొదటి పారిశ్రామికవాడ 1985లో ఇక్కడే మొదలైంది. కేబుళ్ళు, పెయింట్లు, ప్లాస్టిక్ సామాన్లు, బిస్కెట్లు అన్నీ ఇక్కడ తయారవుతాయి. చుట్టూ చెట్టు లేని రాతి కొండలు, మధ్యలో షెడ్లు, షెడ్ల వెనక క్యాంపులు. అప్పట్లో రుసైల్‌లో బియ్యం, ఉల్లిగడ్డలు, సబ్బులు అమ్మే బక్కాలాలు ఉండేవి, అంతే. ఎలక్ట్రానిక్స్ కొనాలంటే మస్కట్ వైపు రూవీకి పోవాలి.

ఇక్కడికి నేనొచ్చింది 1993లో. అంతకు ముందు కువైట్‌లో ఉన్నాను. టీవీ గేమ్ సంగతి నాకు మొదట తెలిసింది కూడా కువైట్‌లోనే. అక్కడి అంగళ్ళలో అద్దాల వెనక 'సఖర్' అనే కంప్యూటర్ ఉండేది. కీబోర్డు మీద అరబ్బీ అక్షరాలు, టీవీకి తగిలిస్తే చాలు. మొహమ్మద్ అల్ షారిఖ్ అనే కువైట్ వ్యాపారి 1982లో అల్ ఆలమియా అనే కంపెనీ పెట్టి, జపాన్‌లో యమహా, సాన్యో లాంటివాళ్ళు చేసే ఎం.ఎస్.ఎక్స్. యంత్రాలకు అరబ్బీ నేర్పించి అమ్మాడు. గల్ఫ్‌లో ఒక తరం పిల్లలు కంప్యూటర్ అంటే సఖర్ అనుకునే పెరిగారు. చదువుకోడానికని పెద్దలు కొనిచ్చేవాళ్ళు. పిల్లలు దాని నెత్తిన ఉండే గాడిలో క్యాసెట్టు గుచ్చి కొనామీ కంపెనీ ఆటలు ఆడేవాళ్ళు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో మన దేశం చేరిన దాదాపు లక్షా డెబ్భై వేల మంది భారతీయుల్లో నేనూ ఉన్నాను. సఖర్ కంపెనీ కూడా కువైట్ వదిలి కైరోకు తరలిపోయింది. ఇది చరిత్ర పుస్తకాల్లో చిన్న విషయం కావచ్చు. కానీ మా రుసైల్ ఫ్యాక్టరీలో సీబ్ ఊరి ఒమనీ సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవాడు. వాళ్ళింట్లో సఖర్ ఉండేది. దాని క్యాసెట్లు ఆయనకు కువైట్‌లోని చుట్టాలు తెచ్చేవాళ్ళట. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. కొడుకు అడిగే ఆటల కోసం ఆయనా నాలాగే అంగడి తర్వాత అంగడి తిరిగాడు. అర్బాబ్ (యజమాని) అయినా కూలివాడైనా ఆ క్యాసెట్టు ముందు ఒకటే అయిపోయిన రోజులవి.

అసలు అది ఎందుకంత దొరకని వస్తువైందో చెప్పాలి. నింటెండో కంపెనీ 1983 జులైలో జపాన్‌లో ఫ్యామికామ్ అనే ఆట యంత్రాన్ని అమ్మడం మొదలుపెట్టింది. అమెరికాకు, యూరప్‌కు పంపేటప్పుడు దాని రూపం మార్చి, క్యాసెట్టు మార్చి, ఎన్.ఇ.ఎస్. అని పేరు పెట్టింది. జపాన్ క్యాసెట్టుకు 60 పిన్నులు, అమెరికా క్యాసెట్టుకు 72 పిన్నులు. ఒకటి ఇంకొకదాంట్లో పట్టదు. ఈ రెండు లోకాల మధ్య తైవాన్ వాళ్ళు దిగారు. ఫ్యామికామ్‌కు నకళ్ళు చేసి, మైక్రో జీనియస్ లాంటి పేర్లతో ఆసియాకూ అరబ్ దేశాలకూ పంపారు. మన దేశంలో లిటిల్ మాస్టర్, మీడియా అని అమ్మినవి కూడా ఆ జాతివే. ఈ నకళ్ళ క్యాసెట్టుకు జపాన్ పద్ధతిలో 60 పిన్నులుండేవి.

ఆ సరుకు తైవాన్, హాంకాంగ్ నుంచి ఓడల్లో దుబాయ్‌కి, అక్కడినుంచి లారీల్లో మస్కట్‌కి వచ్చేది. ఈ దారిలో ఎవరి దగ్గరా జాబితా ఉండదు. ఏ అంగడివాడూ ఫలానా ఆట పది పంపమని అడగలేడు. ఒక అట్టపెట్టె వస్తుంది, అందులో ఏ క్యాసెట్లుంటే అవే. ఈ వారం కనిపించినది వచ్చే వారం ఉండదు, మళ్ళీ వస్తుందన్న మాటా లేదు. కంపెనీ అనేది ఉంటే ఉత్తరం రాయొచ్చు, అడగొచ్చు. ఈ సరుకుకు వెనక కంపెనీయే లేదు. నా అభిప్రాయంలో కష్టానికి మూలం ధర కాదు, ఇదే.

మన దేశం వైపు తలుపు కూడా మూసే ఉండేది. 1991లో సంస్కరణలు వచ్చాయన్నా, వాడకపు సరుకుల దిగుమతి మీద పరిమాణ ఆంక్షలు చాలాకాలం నిలిచాయి. వాటిలో మిగిలినవాటిని పూర్తిగా ఎత్తేసింది 2001 ఏప్రిల్ 1న. అప్పటిదాకా విదేశీ ఆట వస్తువు ఒక చిన్న పట్నానికి చేరాలంటే ఎవరో ఒకరు మోసుకురావాల్సిందే. షా వాలెస్ కంపెనీ 1995లో సెగా ఆట యంత్రాలను మన దేశంలో అమ్మకానికి పెట్టింది. ధర 18,000 రూపాయల దాకా పలికింది. అప్పట్లో రుసైల్‌లో మా క్యాంపులో చాలామంది నెలజీతం 50, 60 రియాళ్ళు. రియాల్ దాదాపు 80 రూపాయలు. లెక్క మీరే వేసుకోండి. నకలు యంత్రమైతే రూవీలో పదిహేను రియాళ్ళ లోపే వచ్చేది. అందుకే మా పెట్టెల్లోకి అదే ఎక్కింది.

నన్ను ఈ వేటలోకి దింపింది మా అన్న కొడుకు రాసిన ఉత్తరం. అప్పటికి వాడికి పదకొండేళ్ళు. లీవులో పోయినప్పుడు ఒక యంత్రం తీసుకుపోయి ఇచ్చాను. దాంతోపాటు వచ్చిన క్యాసెట్టు మీద 'తొంభై తొమ్మిది లక్షల ఆటలు' అన్నంత పెద్ద అంకె వేసి ఉంది. ఉన్నవి మాత్రం గుప్పెడు ఆటలు, అవే పేరు మార్చి మళ్ళీ మళ్ళీ. వాడికి కావాల్సింది కాంట్రా, అదీ ముప్పై లైఫులున్న కాంట్రా. రాజంపేటలో వీడియో అంగడి పెట్టిన ఒకాయన ఇంట్లో చూశాడట. ఉత్తరంలో చొక్కా లేకుండా తుపాకీ పట్టుకున్న ఇద్దరు మనుషుల బొమ్మ గీశాడు. క్యాసెట్టు రంగు పసుపు అని రాసి కింద రెండు గీతలు గీశాడు. 'చిన్నాయనా, మారియో ఉన్నది వద్దు, ఇది లేకపోతే ఏదీ వద్దు' అని ముగించాడు.

కాంట్రాను కొనామీ 1987లో ఆటశాలల కోసం చేసింది, మరుసటి ఏడాది ఇంటి యంత్రానికి తెచ్చింది. మామూలుగా మూడు ప్రాణాలే ఇస్తుంది. మొదటి తెరమీద బటన్లు ఒక వరుసలో నొక్కితే ముప్పై వస్తాయి. ఆ వరుసను కొనామీలో పనిచేసే కజుహిసా హషిమోతో అనే ఆయన అంతకు ముందే గ్రాడియస్ అనే ఆటను తాను పరీక్షించుకోవడానికి పెట్టుకున్నాడు. నకలు క్యాసెట్లు చేసేవాళ్ళు ఆ ముప్పైని ముందే అందులో పెట్టేసి అమ్మారు. మా ఊరి పిల్లలకు బటన్ల వరుస చెప్పేవాళ్ళు లేరు. అందువల్ల ముప్పై లైఫుల కాంట్రా వాళ్ళకు వేరే ఆట, వేరే క్యాసెట్టు. ఒమన్‌లో ఒక మనిషి దానికోసం తిరగాల్సి వచ్చింది అందుకే.

అప్పట్లో మాకు సెలవు శుక్రవారం ఒక్కటే. శుక్రవారం నమాజు అయ్యేదాకా రూవీలో అంగళ్ళు తెరవరు. నాలుగు గంటల తర్వాత షట్టర్లు లేస్తాయి. బుర్జ్ అల్ సహ్వా రౌండబౌట్ దగ్గర నిలబడితే రూవీ పోయే వ్యాను దొరికేది. తిరిగి రావడానికి చివరి బండి తప్పిపోకూడదు. ఈ రెంటి మధ్య మిగిలే మూడు నాలుగు గంటల్లోనే ఇంటికి ఫోను చెయ్యాలి, డబ్బు పంపడానికి వరుసలో నిలబడాలి, మిగిలితే కాంట్రా వెతకాలి. శుక్రవారం సాయంత్రం రూవీ సూక్ వీధి అంతా మన దేశపు, బంగ్లాదేశ్, పాకిస్తాన్ మనుషులే. భుజం తగలకుండా నడవడం కుదరదు. ఆ గుంపులో ఎంతోమంది చేతుల్లో నా చేతిలో ఉన్నట్లాంటి మడత కాగితాలే. పిల్లలు గీసిన బొమ్మలు, స్పెల్లింగు తప్పిన పేర్లు. ఒక కరీంనగర్ తమ్ముడు బ్రిక్ గేమ్ కోసం, ఒక మలబారు పెద్దాయన మనవడి సెగా కోసం వెతుకుతూ కనిపించేవాళ్ళు. ఎక్కడ ఏముందో ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. మా సమాచారమంతా అట్లా నోటిమాటగా వచ్చిందే.

అంగళ్ళలో నిలబడేది ఎక్కువగా మలయాళీలు, గుజరాతీలు. వాళ్ళకూ ఆట పేర్లు తెలియవు. గాజు పెట్టె తాళం తీసి గుట్టగా పోసేవాళ్ళు, 'చూస్కో భాయ్' అనేవాళ్ళు. లేబుల్ మీద బొమ్మ ఒకటుంటే లోపల ఆట ఇంకొకటి. ఆడించి చూపమంటే కొందరు చూపేవాళ్ళు, కొందరు ముందు డబ్బు కట్టమనేవాళ్ళు. మస్కట్‌లోని మత్రలో సముద్రం ఒడ్డున ఒక చిన్న అంగడిలో కాంట్రా బొమ్మ కనిపించిందని తెలిసి పనివేళ అయ్యాక పోయాను. అప్పటికే అమ్ముడుపోయింది. ఇంకోచోట దొరికింది గానీ 72 పిన్నులది. ఆ అంగడి ఇరుకు మెట్ల మీద నిలబడి, ఇంత పెద్ద లోకంలో ఒక పిల్లవాడి ఆటను రెండు కొలతల్లో చేసినవాళ్ళను తలుచుకుని నిజంగా బాధపడ్డాను. చివరికి క్యాసెట్టు దొరికిందీ అంగడిలో కాదు. ఊరికి పోతున్న ఒక ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ తన సామాన్లు అమ్ముకుంటుంటే వాటిలో బయటపడింది. పసుపు రంగుదే. రెండు రియాళ్ళు ఇచ్చాను.

క్యాసెట్టు దొరికితే వేట ముగిసినట్టు కాదు. మా రూమ్‌లో పెంచలకోన దగ్గరి పెద్దాయన ఒకరుండేవాళ్ళు. కొడుకు కోసం దుబాయ్ నుంచి వచ్చిన మంచి జపాన్ యంత్రం కొన్నారు. అంగడిలో రంగుల్లో మెరిసింది. ఇంటికి తీసుకుపోతే బొమ్మ గిరగిరా పైకి దొర్లుతుంది, రంగు లేదు. కారణం తర్వాత ఒక టీవీ మెకానిక్ చెప్పాడు. మన దేశంలోనూ ఒమన్‌లోనూ ప్రసారం పాల్ పద్ధతి, సెకనుకు 50 బొమ్మ తునకలు. జపాన్, అమెరికాలది ఎన్.టి.ఎస్.సి., సెకనుకు 60. పక్కన సౌదీ వాళ్ళది సెకామ్. అందువల్ల గల్ఫ్ అంగళ్ళలో పెట్టే టీవీలు అన్ని పద్ధతులూ చూపే మల్టీ సిస్టం టీవీలు. అక్కడ బాగా కనిపించిన ఆట మన ఇంట్లోని టీవీలో కనిపించదు. ఈ సంగతి అంగడివాళ్ళలో కొందరికి తెలుసు. చెప్పలేదు. కరెంటు అడాప్టర్ సంగతి ఇంకా ఘోరం. జపాన్ యంత్రాల అడాప్టర్లు 100 వోల్టులవి, ఒమన్‌లోనూ మన దేశంలోనూ దాదాపు 240. ఒక్కసారి గుచ్చితే కాలిన వాసన. నెలల తరబడి ఒక్కొక్క రియాల్ కూడబెట్టి కొన్న వస్తువు మొదటి నిమిషంలో చచ్చిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. వాపసు ఇవ్వాలంటే మధ్యలో అరేబియా సముద్రం, ఇంకో లీవు దాకా రెండేళ్ళు.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటుంది. మా వైపు వాళ్ళం అప్పట్లో మద్రాసు విమానాశ్రయంలో దిగి రైలెక్కేవాళ్ళం. మద్రాసు బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజార్ ఉంది. బర్మా నుంచి తరిమేస్తే వచ్చిన కుటుంబాల బతుకుదెరువు కోసం 1969లో పెట్టించిన అంగళ్ళు అవి. విదేశీ సరుకంతా అక్కడ దొరికేది. ఒకసారి నేను రూవీలో దొరక్క వదిలేసిన క్యాసెట్లు అక్కడ అరల మీద కనిపించాయి, రుసైల్ నుంచి మోసుకొచ్చేదానికన్నా తక్కువ ధరకే. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఏదైనా దొరుకుతుందని ఊళ్ళో నమ్మకం. మా రాజంపేట నుంచి నాలుగు గంటల రైలు దూరంలో ఉన్నదాన్ని సముద్రం అవతల మనిషికి ఉత్తరం రాసి అడిగేవాళ్ళు. ఆ నమ్మకాన్ని కాదనడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు. దొరకలేదు అని రాస్తే, కొనలేదు అని అర్థం చేసుకుంటారేమోనన్న దిగులు ప్రతి క్యాంపులోనూ ఉండేది.

2001 నాటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. తను అడిగింది గేమ్ బాయ్ అనే చేతి యంత్రంలో పెట్టే పోకెమాన్ ఆట. ఆ ఏడాదే సౌదీ అరేబియాలో మతపెద్దలు పోకెమాన్ ఆటలూ కార్డులూ జూదాన్ని నేర్పుతాయని తీర్పిచ్చారు, ప్రభుత్వం నిషేధించింది. ఆ మాట గల్ఫ్ అంతా పాకింది. కొత్త సరుకు తెప్పించడం తగ్గించామని రూవీలో ఒక అంగడతను నాతో అన్నాడు. ఉన్నవాటిలో నకళ్ళు కలిసిపోయాయి. పోకెమాన్‌లో ఆట ఎంతవరకు వచ్చిందో క్యాసెట్టులోని చిన్న బ్యాటరీ గుర్తుపెట్టుకుంటుంది. నకలులో ఆ బ్యాటరీ ఉండదు, లేదా ఉన్నా పనిచేయదు. మా అమ్మాయి రోజూ సాయంత్రం మొదటినుంచి మొదలుపెట్టేది. ఫోనులో ఒక్కసారి కూడా ఫిర్యాదు చెయ్యలేదు. తనే పెద్దయ్యాక చెప్పింది.

డిస్కులొచ్చాక వేట తీరు మారింది. ప్లేస్టేషన్ 2 వచ్చాక రూవీలోనే కాదు, సికిందరాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ, విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ దొరకనిదంటూ లేకుండాపోయింది. అందులో ఎక్కువ దొంగ కాపీలే అని దాచాల్సిన పనిలేదు. అసలు ఆటలు మాత్రం దొరకనివిగానే మిగిలాయి. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట చేసింది, సోనీ అమ్మింది. ఇలాంటి ఆట యంత్రాల కోసం పూర్తిగా మన దేశంలో తయారైన ఆటల్లో అది తొలి వరుసలోది. మనవాళ్ళు చేసిన ఆట కదా అని రూవీలో అడిగితే ఆ పేరు విన్నవాళ్ళే లేరు. హైదరాబాద్‌లో చేసిన వస్తువును రుసైల్‌లో ఉండి కొనలేకపోవడం నాకు కాంట్రా దొరకనప్పటికన్నా ఎక్కువ కష్టమనిపించింది.

మొన్నటి కొరత గురించి ఎక్కువ చెప్పను, అందరూ చూసిందే. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5 వచ్చింది. కోవిడ్, చిప్పుల కరువు రెండూ కలిసి ప్రపంచమంతా వరుసల్లో నిలబడింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చి నిమిషాల్లో అయిపోయింది. కాంట్రా అడిగిన మా అన్న కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తన కొడుకు కోసం వాడు కంప్యూటర్ ముందు కూర్చుని పదేపదే బటన్ నొక్కి అలసిపోయి, ఒక రాత్రి నాకు ఫోన్ చేశాడు. 'చిన్నాయనా, ఆడ యాడన్నా దొరుకుతుందేమో చూస్తావా?' అన్నాడు. చూశాను. మస్కట్‌లోనూ దొరకలేదు. ఈసారి మాత్రం లోకమంతటికీ దొరకలేదు, మా ఒక్కరికే కాదు. తేడా అదే.

నింటెండో స్విచ్‌ను ఆ కంపెనీ మన దేశంలో నేటికీ నేరుగా అమ్మడం లేదు. ఇక్కడి నుంచి ఊరికి పోయేవాళ్ళ బ్యాగుల్లో అది ఇంకా పోతూనే ఉంది. పెట్టెలు చిన్నవయ్యాయి, ఉత్తరం బదులు వాట్సాప్‌లో ఫోటో వస్తోంది.

వీడియో గేముల చరిత్ర జపాన్ వాళ్ళు రాసుకున్నారు, అమెరికా వాళ్ళు రాసుకున్నారు. తెలుగు పల్లెల్లోకి అది ఎట్లా వచ్చిందో రాసిన కాగితం ఎక్కడా నాకు కనిపించలేదు. మీ ఇంట్లో అటక మీద పసుపు క్యాసెట్టో, వైరు తెగిన రిమోటో ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. ఎవరు తెచ్చారు, ఏ దేశం నుంచి, ఏ ఏడాది, ఎంతకు, ఎట్లా దొరికింది అనేవి ఒక కాగితం మీద రాసి దాంతోపాటు పెట్టండి. తెచ్చినవాళ్ళలో చాలామందికి అరవై దాటింది. అడిగేదేదో ఈ పండక్కే అడగండి.